రెండో జిగురు

నాణేల కొట్టు, మేడ మీది గది
సోమవారం

అక్కా,

నీ చెవులు రెండూ ఆ సీలింగు మిషను తినేసింది కాబట్టి ఫోను చేసి లాభం లేదు. పైగా మీ కొండ మీద సిగ్నలు దొరకాలంటే చెట్టెక్కాలి. అందుకని నా కోడిగీతలు భరించు.

మంచి వార్తతో మొదలుపెడతాను. మామయ్య కొట్టు నాకు అప్పజెప్పేస్తానంటున్నారు. "ఇంక నా వల్ల కాదురా అబ్బాయ్, కళ్ళు లాగేస్తున్నాయి" అన్నారు. నాన్న పోయాక అమ్మనీ మనిద్దరినీ ఇంట్లో పెట్టుకున్న మనిషి, ఇప్పుడు కొట్టు కూడా ఇస్తానంటే వంగి కాళ్ళకు దండం పెట్టాను. ముందు సరుకంతా ఒక జాబితా రాయమన్నారు. ఆ పనిలోనే మునిగి ఉన్నాను.

మన కొట్లో సగం సరుకు మీ కంపెనీ నాణేలను పరీక్షించి, నాణ్యతకు అంకె వేసి మూసిన హోల్డర్లే కదా. ఒకప్పుడు జనం లోపలి నాణెం చూసేవాళ్ళు, ఇప్పుడు పైన ఉన్న ప్లాస్టిక్ డబ్బీని చూస్తున్నారు. ఈ హోల్డరు ఏ తరానిది, ఏ ఏడాది మూశారు అని గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. పాత తరందైతే పడి చస్తున్నారు. అందుకే హోల్డర్ల తరాల మీద ఒక చిన్న పుస్తకం రాసి కొట్లో పెడదామని నా ఆశ. నాకు తెలిసినంత ఇది: మొదటి తరం పల్చగా, సబ్బు పెట్టె మూతలా ఉంటుంది, లేబులు మీద టైపు అక్షరాలు. రెండో తరానికి చుట్టూ గట్టు వచ్చింది, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. మూడో తరానికి వెనక మెరిసే ముద్ర, ఆకుపచ్చ లేబులు. నాలుగో తరంలో లేబులు నీలం. ఐదో తరంలో నాణేన్ని మూడు కొక్కేలు పట్టుకుంటాయి, అంచు కూడా కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళు ఆ సీలింగు గదిలో కూర్చున్నదానివి, తప్పులుంటే దిద్దు.

ఇక అసలు సంగతి. మొన్న ఎలుక చచ్చిన వాసన వస్తే వెనక గదిలో బీరువా జరిపాను. గోడకీ బీరువాకీ మధ్య ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. అందులో ఒకే ఒక్క హోల్డరు, మూడో తరానిది. లేబులు మీద "దెబ్బతిన్నది" అని ఉంది, నాణ్యత అంకె వేయలేదు. లోపల వెండి నాణెం, అంచు మీద నెలవంకలాంటి నొక్కు.

అది నాన్న బిళ్ళ అక్కా. నువ్వు ఆరేళ్ళప్పుడు తలుపు సందులో పెట్టి నొక్కేసిన బిళ్ళ. అంత అపురూపమైనదాన్ని పాడుచేసినా నాన్న నిన్ను ఒక్క మాట అనలేదని అమ్మ చెప్పేది. అన్నం తిన్నాక బల్ల మీద దాన్ని బొంగరంలా తిప్పి నన్ను నవ్వించిన నాన్న నాకు బాగా గుర్తు. జలాశయంలో పడవ బోల్తా పడ్డ రోజున కూడా అది ఆయన చొక్కా జేబులోనే ఉందనీ, ఆయనతో పాటే మునిగిపోయిందనీ కదా మనం ఇన్నాళ్ళూ అనుకున్నది?

ఇప్పుడు చెప్పు. ఈ హోల్డరు నాన్న పోకముందు మూసిందా, పోయాక మూసిందా? ముందుదైతే నాన్నే మీ కంపెనీకి ఇచ్చి ఉంటారు, అంతే. తర్వాతదైతే? ఆ బిళ్ళ నీళ్ళలోంచి బయటికి వచ్చిందంటే నాన్న కూడా వచ్చి ఉండాలి కదా?

మామయ్యకి ఇంకా చెప్పలేదు. ఆయన బాగానే ఉన్నారు. డాక్టరు టీ మానెయ్యమంటే మానేశారు. ఆ చిన్న కెటిల్ మాత్రం వెనక గదిలో రోజూ కుతకుతలాడుతూనే ఉంటుంది. "ఆ చప్పుడు లేకపోతే తోచదురా" అంటారు.

తొందరగా రాయి.

నీ తమ్ముడు


కొండ మీది ఇల్లు
శుక్రవారం

ఒరేయ్ బుడంకాయ్,

పోస్టుమ్యాను వీధి గుమ్మం దగ్గర తాడు లాగాడు, వంటగదిలో నా కళ్ళ ముందు ఎర్రగుడ్డ ఊగింది, ఉత్తరం వచ్చింది. చెవిటిదాని ఇంటికి ఇంతకంటే మంచి గంట ఉండదు. నువ్వు వచ్చినప్పుడు మామయ్య, నువ్వు ఇద్దరూ దాన్ని చూసి ఎంత నవ్వారో. నవ్వండి నవ్వండి.

పుస్తకం రాస్తావా? పదో తరగతిలో వ్యాసం రాయమంటే కడుపునొప్పి తెచ్చుకున్నవాడివి! సరే, తరాల గురించి నువ్వు రాసింది చాలావరకు సరిగానే ఉంది. ఐదో తరం కొక్కేలు మూడు కాదు, నాలుగు. ఒకటి లేబులు కింద దాక్కుంటుంది. ఇంకొకటి మాత్రం పుస్తకంలో మొదటి పేజీలోనే రాయి. మా గదిలో మేం ఏనాడూ జిగురు వాడలేదు. రెండు సగాలను మిషను కింద పెడితే అది కీచుమని అరుస్తుంది, ఆ అదురుకు ప్లాస్టిక్కే కరిగి ఒకదానికొకటి కలిసిపోతుంది. నా చెవులు తిన్నది ఆ కీచే. అందుచేత హోల్డరు అంచున జిగురు గీత కనిపించిందంటే మధ్యలో ఎవరో విప్పారని అర్థం. మంచి నాణెం తీసేసుకుని నాసిరకంది పెట్టి మళ్ళీ అతికించి ఉంటారు. అలాంటిది కొనకు, అమ్మకు.

ఇక నాన్న బిళ్ళ. మూడో తరం మూడేళ్ళు నడిచింది. నాన్న పోయింది రెండో ఏడాది మధ్యలో. లేబులు మీద సీరియల్ నంబరులో ఏడు అంకె చూడు. దాని నడుముకి అడ్డగీత ఉంటే మొదటి ఏడాదిది, లేకపోతే తర్వాతది. నువ్వు రాసిన గుర్తులను బట్టి అడ్డగీత ఉండే ఉంటుంది. అంటే నాన్న పోకముందుదే. ఆయనే ఇచ్చారు, తెచ్చుకుని ఎక్కడో పెట్టి మర్చిపోయారు. ఆయన మతిమరుపు నీకు తెలియదు, నాకు తెలుసు.

ఇందులో ఇంకేమీ లేదురా. డబ్బా ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి బీరువా జరిపెయ్. మామయ్యను మాత్రం అడగకు. ఆ రోజు ఆయన కూడా ఆ పడవలోనే ఉన్నారు. ముసలి ప్రాణాన్ని ఎందుకు కెలకడం? నా మాట విను.

ఇక్కడ చలి మొదలైంది. నర్సరీలో విత్తనాల పొట్లాలకు పేర్లు రాసీ రాసీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

అక్క


నాణేల కొట్టు
మంగళవారం

అక్కా,

కోప్పడకు. నువ్వు చెప్పింది తలకిందులు.

కొట్లో మూడో తరం హోల్డర్లు నలభై ఒకటి ఉన్నాయి. వాటిలో ఇరవైకి పైగా వేలంలో కొన్నవి, వేలంవాళ్ళ చీటీలు తేదీలతో సహా వాటి వెనకే అంటించి ఉన్నాయి. అన్నీ వరసలో పేర్చి, సీరియల్ నంబర్లన్నీ నోటు పుస్తకంలో పట్టిక వేశాను. ఏడు అంకెకి అడ్డగీత లేనివి ముందువి. అడ్డగీత ఉన్నవన్నీ తర్వాతవి, ఒక్కటి కూడా తప్పలేదు. నాన్న బిళ్ళ లేబులు మీద ఏడుకి అడ్డగీత ఉంది. నంబరును బట్టి చూస్తే అది రెండో ఏడాది చివర్లో మూసింది. అంటే నాన్న పోయాక.

తొమ్మిదేళ్ళు అదే పని చేసినదానివి, ఇంత చిన్న సంగతి ఎలా తప్పావు? వయసు మీద పడుతోందా?

సరే, నీ తప్పు క్షమించేశాను. ఎందుకంటే నాకు రెండు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నాన్న బతికే ఉన్నారక్కా! శవం దొరకలేదు కదా ఎవరికీ. ఏ ఒడ్డుకో కొట్టుకుపోయి ఉంటారు. మన దగ్గరికి ఎందుకు రాలేదో అడగాలి, బాగా దెబ్బలాడాలి. ఇప్పుడు డెబ్బై ఏళ్ళుంటాయి. బజార్లో ఆ వయసు మనిషి ఎదురైతే చాలు, ఆగి మొహం చూస్తున్నాను.

నిన్ను ఒకటి అడగాలి. నాన్న హోల్డరు కింది ఎడమ మూల వెంట్రుకంత సన్నటి గీత ఉంది. పైన గీసుకుపోయింది కాదు, పోతలోనే పడింది. అలాంటిదే ఇంకో మూడింటికి కూడా ఉంది, నంబర్లు అన్నీ దగ్గర దగ్గరే. అదేమిటి?

నువ్వు చెప్పావని అంచులు కూడా భూతద్దం పెట్టి చూశాను. పదకొండు పాత హోల్డర్లకు జిగురు గీత కనిపించింది. మామయ్యకు చూపిస్తే నవ్వేశారు. "ఎవడో మనకి అంటగట్టి పోయాడు, పక్కన పడెయ్" అన్నారు. ఇప్పుడు జిగురు చూడటం నాకొక పిచ్చిగా మారింది. నీ పోయిన ఉత్తరం కవరు కూడా భూతద్దం కింద పెట్టాను. నవ్వకు. దాని అంచున రెండు జిగురు గీతలున్నాయి, ఒకటి కవరుది, దాని మీద ఇంకోటి. అంటించాక ఏదో గుర్తొచ్చి విప్పి మళ్ళీ అంటించావా?

మామయ్య ఈ మధ్య నా మీద చూపించే ప్రేమకు నాకే సిగ్గేస్తోంది. నా నోటు పుస్తకం కూడా తిరగేసినట్టున్నారు, నిన్న ఆయన కళ్ళజోడు దాని మీదే ఉంది. కొట్టు నా పేర రాసే ముందు నన్ను ఒకసారి జలాశయానికి తీసుకెళ్తారట. "మీ నాన్న పోయిన చోటు నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు కదరా. పడవలో మనిద్దరం వెళ్ళొద్దాం" అన్నారు. వచ్చే ఆదివారం ప్రయాణం. అక్కడ నీళ్ళ మధ్య కూర్చున్నప్పుడు నాన్న సంగతి చెప్పి ఆయన్ని సంతోషపెడదామనుకుంటున్నాను.

నీ తమ్ముడు


కొండ మీది ఇల్లు
గురువారం
(కొట్టు ఎదురుగా ఉన్న టైలరు చిరునామాకు)

తమ్ముడూ,

ఆ పడవ ఎక్కకు. ముందు ఈ మాట చదివి, తర్వాత మిగతాది చదువు. ఆయనతో నీళ్ళ దగ్గరికి వెళ్ళకు.

నేను కవరు ఒక్కసారే అంటించాను. నాకు వచ్చిన పని అదొక్కటే, రెండోసారి అంటించడం నాకు అలవాటు లేదు. నీ ఉత్తరాలు నువ్వు పోస్టు డబ్బాలో వేస్తావు, అవి నాకు బాగానే అందుతున్నాయి. నేను రాసేవే కొట్టుకు వచ్చి ఆయన చేతిలో పడుతున్నాయి. టీ మానేసిన మనిషికి కవర్ల జిగురు ఊడదీసే ఆవిరి రోజంతా ఎందుకో ఇప్పుడు తెలిసిందా? అందుకే ఇది టైలరుకు పంపిస్తున్నాను. కొట్టు చిరునామాకు ఇంకో ఉత్తరం వేస్తాను. అది నీ కోసం రాసింది కాదు, ఆయన చదవడానికి రాసింది.

ఆ మూల గీత సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. మూడో తరం అచ్చు బిగిస్తుంటే నా చేతిలోంచి పానా జారి దాని మీద పడింది. మూల దగ్గర వెంట్రుకంత చీరుకుపోయింది. ఉద్యోగం పోతుందని భయపడి ఫోర్‌మన్‌కు చెప్పలేదు. ఆరు వారాల తర్వాత కొత్త అచ్చు వచ్చింది, పాతది కరిగించేశారు. కంపెనీ పుస్తకాలు మూడేళ్ళు అని మాత్రమే చెప్తాయి. ఆ గీత ఉన్న హోల్డరు మాత్రం ఆ ఆరు వారాల్లో, నా చేతి కింద మూసినదే. నాన్న పోయిన రెండు నెలలకు పానా జారింది.

మూడో వారంలో ఒక ట్రేలో నాన్న బిళ్ళ వచ్చింది. మా దగ్గరికి నంబర్లు మాత్రమే వస్తాయి, పేర్లు రావు. కానీ ఆ నొక్కు నేను చేసింది. నాన్నతో మునిగిపోయిన బిళ్ళ నా ఎదురుగా పొడిగా, శుభ్రంగా ఉంది. వెనక ట్రేలు ఆగిపోతున్నాయని ఫోర్‌మన్ అరుస్తున్నాడు. నా చేతులు వాటంతటవే దాన్ని మూసేశాయి. భోజనాల వేళ కౌంటరు దగ్గరి అమ్మాయిని బతిమాలి, నాణెం ఇచ్చినవాళ్ళు రాసే చీటీ చూశాను. సంతకం మామయ్యది.

అరుదైన ఏడాది బిళ్ళ కదా, పెద్ద ధర వస్తుందని ఆశపడ్డారు. నొక్కు వల్ల "దెబ్బతిన్నది" అని తిరిగొచ్చింది. అమ్మలేక, పారేయలేక బీరువా వెనక పెట్టి ఉంటారు. నీ పదకొండు హోల్డర్లకు జిగురు వేసింది ఆయనే. నాన్న అది కనిపెట్టారు. కంపెనీకి చెప్తానని ఇంట్లో పెద్దగా అన్న మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను. అప్పుడు నాకు చెవులుండేవి. ఆ మర్నాడే ఇద్దరూ పడవలో వెళ్ళారు, ఒకరు తిరిగొచ్చారు.

నాకు పంతొమ్మిదేళ్ళు, నీకు పదకొండు. అమ్మ మంచం దిగలేకపోయేది. తలదాచుకోవడానికి ఆయన ఇల్లు తప్ప ఇంకోటి లేదు. నోరు విప్పితే ముగ్గురం రోడ్డు మీద ఉంటామనుకున్నాను. అమ్మ పోయాక చెప్దామనుకున్నాను. నీకు పాతికేళ్ళు వచ్చాక చెప్దామనుకున్నాను. నువ్వు ఆయన్ని మామయ్యా మామయ్యా అని పిలిచేటప్పుడల్లా లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. కొండ మీదికి పారిపోయి వచ్చింది అందుకే. ఏడు అంకె సంగతి తప్పు కాదు, అబద్ధం. నీ పట్టికే నిజం.

మొహంలో ఏమీ కనిపించనీయకు. హోల్డరు జేబులో వేసుకుని నా దగ్గరికి వచ్చెయ్.

అక్క


కొండ మీది ఇల్లు
గురువారం
(కొట్టు చిరునామాకు)

ఒరేయ్ బుడంకాయ్,

నీ లెక్కలు నువ్వూ! వేలం చీటీలను నమ్మి అక్కను నమ్మవా? అది నాన్న పోకముందుదే, ఇంక ఆ సంగతి వదిలెయ్. ఆ మూల గీతంటావా, నువ్వే ఎక్కడో గీకి ఉంటావు.

నర్సరీ మెట్ల మీద నా కాలు బెణికింది, ఎడమ మడమ వాచి గుమ్మడికాయంత అయింది. వంట చేసుకోలేకపోతున్నాను. ఆదివారం లోపు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళు. పడవ షికారు మళ్ళీ చూసుకోవచ్చు. మామయ్యను అడిగానని చెప్పు.

అక్క


కొత్త గది, రెండో అంతస్తు
బుధవారం

అక్కా,

దొంగ ఉత్తరం శనివారం అందింది. అసలుది సోమవారం. టైలరు వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళి సోమవారం దాకా షట్టరు తీయలేదు. మధ్యలో ఆదివారం ఉంది.

నీ దొంగ ఉత్తరం నేను నమ్మాను. దాని అంచున కూడా రెండు గీతలు కనిపించాయి, నీ అలవాటేమో అనుకున్నాను. నీకు కాలు నొప్పిగా ఉంటే సోమవారం బయలుదేరదామని, ఆదివారం ఆయనతోనే వెళ్ళాను. హోల్డరు నా లోపలి జేబులో ఉంది, పడవలో చూపించి సంతోషపెడదామని. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఒడ్డున మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. నేను ఒక కాలు పడవలో పెట్టాను. తాడు విప్పుతూ తల ఎత్తకుండా అన్నాడు, "మీ అక్క మడమ వాపు తగ్గిందటరా?"

నీ కాలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు అక్కా.

ఒక్క క్షణంలో కెటిలూ, రెండు గీతలూ, నోటు పుస్తకం మీద కళ్ళజోడూ అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. కాలు వెనక్కి లాక్కున్నాను. రాయి మీద జారి పడ్డాను, మోకాలు కింద ఎముక విరిగింది. నువ్వు అబద్ధం రాసిన కాలు నాకు నిజమైంది. లేవలేక అలాగే కూర్చుని "కళ్ళు తిరుగుతున్నాయి, నేను రాలేను" అన్నాను. ఆ మనిషి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పాడైన నాణెం చేతికిచ్చినప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు. "సరే, గట్టున కూర్చో. నేనోసారి చుట్టి వస్తా" అన్నాడు. తెడ్డు వేసుకుంటూ మలుపు దాటాడు. మళ్ళీ రాలేదు. సాయంత్రం ఎవరో ఖాళీ పడవను లాక్కొచ్చారు. పలక మీద చొక్కా మడతపెట్టి ఉంది.

మునిగిపోయాడని అందరూ అంటున్నారు. వలలు వేసి వెతుకుతున్నారు. నేను నమ్మను. ఆదివారం పొద్దున కొట్టుకు తాళం వేసింది నేను, కెటిల్ బల్ల మీదే ఉంది. సోమవారం తాళం తీయించి చూస్తే కెటిల్ లేదు. చొక్కా విప్పి నీళ్ళలో దూకి చచ్చిపోయినవాడికి కెటిల్ ఎందుకు? రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది. అందుకే కొట్టు వదిలి ఈ గదికి వచ్చేశాను.

ఇప్పుడు నా మాట విను. ఇరవై రెండేళ్ళు ఆ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను. నువ్వు తిననిచ్చావు. వారం రోజులు నాన్న బతికున్నారని బజారులో ముసలాళ్ళ మొహాలు వెతికాను, నువ్వు మొదటి ఉత్తరంలోనే నిజం రాసి ఉంటే ఆ పిచ్చి నాకు తప్పేది. నాకు నాన్న రెండుసార్లు పోయారు. నువ్వు ఏడు అంకె మీద అబద్ధమాడినందుకు నేను ఒక కాలు పడవలో పెట్టాను. భయపడ్డావని తెలుసు. అయినా ఇది రాయకుండా ఉండలేను.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. కానీ హోల్డరు నాన్న పోయాక మూసిందని రుజువు కావాలంటున్నాడు. నా పట్టిక చూసి "ఇది మీ లెక్క, కంపెనీ లెక్క కాదు" అన్నాడు. అచ్చు మీద పానా పడిన సంగతి చెప్పగలిగేది నువ్వొక్కదానివే. బిళ్ళను ఒకసారి చేత్తో పట్టుకోవాలని ప్రాణం లాగేస్తోంది. కానీ హోల్డరు పగలగొడితే సాక్ష్యం పోతుంది. ప్లాస్టిక్ మీంచే తడుముతున్నాను.

నువ్వు వచ్చి చెప్తావా, చెప్పవా?

తమ్ముడు


కొండ మీది ఇల్లు
శనివారం

తమ్ముడూ,

వస్తాను. చెప్తాను. ఇన్నాళ్ళు దాచినందుకు నన్ను లోపల వేసినా సరే, చెప్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు అన్న ప్రతి మాటా నిజమే. నిన్ను కాపాడుతున్నాననుకుంటూ నన్ను నేను కాపాడుకున్నాను. ఒక కాలు పడవలో పెట్టానని రాశావే, అక్కడికి వచ్చేసరికి కాగితం మడిచి బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి చదివాను. నీకు ఏమైనా అయి ఉంటే ఆయన ఒక్కడే కాదు, నేనూ చంపినదాన్నే. నన్ను తిట్టు. ఎంత తిట్టినా నువ్వు బతికి తిడుతున్నావు, నాకది చాలు.

ఇన్‌స్పెక్టరుకు నా మాట ఒక్కటే సరిపోదేమో. నా దగ్గర ఇంకోటి ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కౌంటరు దగ్గర చూసిన చీటీ నేను తిరిగి ఇవ్వలేదు. బిళ్ళ బొమ్మ, నంబరు, తేదీ, ఆయన సంతకం అన్నీ ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల కింద ఉంది. అదీ నీ హోల్డరూ పక్కపక్కన పెడితే ఇంకెవరూ కాదనలేరు.

వెంటనే బయలుదేరేదాన్నే, కానీ కొండచరియ జారి బస్సులు ఆగిపోయాయి. టపా మాత్రం పోస్టుమ్యాను నడకదారిన మోస్తున్నాడు, ఆ దిగుడు నా వల్ల కాదు. శుక్రవారం పొద్దున మొదటి బస్సు ఉంటుందట. నర్సరీకి వారం రోజులు సెలవిచ్చారు, పనివాళ్ళంతా దిగిపోయారు. ఈ వరసలో దీపం వెలిగేది నా ఇంట్లోనే. చీటీ బ్లౌజులో పెట్టుకుని వస్తాను. నువ్వు కాలు కదపకు, స్టేషనుకు రాకు, నేనే గదికి వస్తాను.

అక్క


కొత్త గది
గురువారం ఉదయం

అక్కా,

ఇది పోస్టులో వేయడం లేదు. దారి ఇవాళ పొద్దునే తెరిచారు, మొక్కల కుండీలు తెచ్చుకోవడానికి నర్సరీ వ్యాను పైకి వస్తోంది. డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఎర్ర చొక్కా, బట్టతల, కుడి చేతికి పెద్ద గడియారం. వేరే ఎవరైనా తెస్తే తీసుకోకు.

నీ ఉత్తరం మంగళవారం రావాల్సింది. నిన్న సాయంత్రం వచ్చింది. ఈ ఇంట్లో అందరి ఉత్తరాలూ మెట్ల కింద బల్ల మీద పడేస్తారు, ఎవరైనా తీయొచ్చు, ఎవరైనా పెట్టొచ్చు. మంచం మీద కూర్చుని భూతద్దం పెట్టాను. రెండు గీతలున్నాయి. నువ్వు ఒక్కసారే అంటించి ఉంటావు, నాకు తెలుసు.

అతను బతికే ఉన్నాడు. చీటీ సంగతి అతనికి తెలుసు. కుట్టుమిషను, సొరుగు, దారపు ఉండలు, అన్నీ తెలుసు. నువ్వు శుక్రవారం దాకా అక్కడే ఒంటరిగా ఉంటావని కూడా తెలుసు. మంగళవారం నుంచి నిన్నటి దాకా ఒక రోజు మనకంటే ముందున్నాడు. కొండ ఎక్కడానికి నడకదారి ఉంది కదా.

ఈ కట్టు లేకపోతే నేనే వ్యాను ఎక్కేవాడిని. డ్రైవరుకు అన్నీ చెప్పాను, నిన్ను ఎక్కించుకునే దాకా కదలనన్నాడు. ఇన్‌స్పెక్టరు జీపులో వెనకే వస్తున్నాడు, కానీ వ్యానుకంటే రెండు గంటలు ఆలస్యమవుతుంది. ఇది చదవగానే చీటీ తీసుకుని వ్యాను ఎక్కెయ్. చెప్పులు వెతుక్కోకు, బట్టలు సర్దుకోకు. నీకు వెనక తలుపు చప్పుడు వినిపించదు. ఎర్రగుడ్డ ఎలా ఊగుతుందో అతను చూశాడు, తాడు లాగకుండానే లోపలికి వస్తాడు. గోడకు వీపు ఆనించి చదువు. వంటగదిలో కెటిల్ పెట్టావా? నువ్వు పెట్టకపోతే, అక్కడ ఆవిరి కనిపిస్తే, ఇంకేమీ చూడకుండా వీధిలోకి పరుగెత్తు.

నీ మీద కోపం నిన్ననే పోయింది. ఆ రెండో గీత చూసిన క్షణంలో పోయింది. నాకు మిగిలింది నువ్వొక్కదానివే. చీటీ దొరక్కపోతే పోనీ, దాన్ని వదిలేసి నువ్వు వచ్చెయ్.

విప్పిన కవరు పారెయ్యకు. అంచు ఒకసారి వెలుతురులో పెట్టి చూడు. నేను ఒక్కసారే అంటించాను.

తమ్ముడు